చాటకు మెత్తిన కాగితం

ఈదమ్మ ఇంట్లో చెత్తబుట్ట ఉండేది కాదు. అందులో పారవేయదగిన వస్తువేదీ ఆమె చేతిలో మిగిలేది కాదు.

నూలుచీర చిరిగినచోటల్లా అతుకు వేసుకొని కట్టుకునేది. అతుకు మీద అతుకు నిలవని నాడు దానిని మరి రెండు పాతచీరలతో కలిపి బొంతగా కుట్టేది. బొంత నడుమ అరిగిపోతే అంచులు కత్తిరించి మసిగుడ్డలు చేసేది. మసిగుడ్డ పోగులుగా విడిపోతే ఆ పోగులు దీపానికి వత్తులయ్యేవి. యూరియా సంచి మూతి విప్పేటప్పుడు దారాన్ని ఏనాడూ తెంపలేదు. ఒక కొస పట్టుకొని మెల్లగా లాగి, వేళ్ళకు ఉండగా చుట్టుకొని, ఆ దారంతోనే సంచులను ఒకదానికొకటి కలిపి, వానాకాలంలో పడమటి గోడ తడవకుండా తెర కట్టేది. పగిలిన కుండ మూతి మరో కుండకు కుదురయ్యేది.

“ఈదమ్మ ఇంట్ల ఎలుక సుత ఉపాసమే పండుకోవాలె. ఒక్క గింజ కింద పడనియ్యదు,” అని పక్కింటి బిక్షమ్మ పదిమందిలో అనేది.

“నీ ఇంట్ల తిని నా ఇంట్ల పండుకుంటున్నయి లేవే, ఎలుకలు! నాకేం ఫికర్?” అని ఈదమ్మ తిరిగి అనేది.

వాళ్ళ ఊరు హాలియాకు ఆరు మైళ్ళ దూరంలో ఉంది. సాగర్ కాలువ నీళ్ళు ఎక్కని ఎత్తుగడ్డ అది. కాలువ కింది ఊళ్ళవాళ్ళు వరి కోసుకుంటూ ఉంటే, ఈ గడ్డ మీదివాళ్ళు జొన్న, కంది, ఆముదం పండించుకునేవారు. ఊరికి తూర్పున, ప్రార్థన మందిరం చుట్టూ ఉన్న ఇరవై ఇళ్ళ వాడలో ఈదమ్మ, ఆమె భర్త యోహాను, కూతురు రాహేలు ఉండేవారు. యోహాను ఒకప్పుడు ఊళ్ళోని గుర్వయ్య దగ్గర జీతానికి ఉన్నాడు. ఇప్పుడు హాలియాలోని బియ్యం మిల్లులో హమాలీ. వాళ్ళకున్న ఆస్తి ఎకరం పది గుంటల చెలక, వాన మీద పండే మెట్టభూమి. ఎనభై ఒకటో సంవత్సరంలో కొంత రొక్కం ఇచ్చి, తక్కినదానికి రెండేళ్ళ కష్టం ధారపోసి, యోహాను దానిని గుర్వయ్య దగ్గరే కొన్నాడు.

ఈదమ్మకు అన్నిటికన్నా పేరు తెచ్చిన పని చాటలకు కాగితం మెత్తడం. వెదురుచాట రెండేళ్ళు చెరిగేసరికి అల్లిక వదులై, గింజలు సందుల్లోంచి జారిపోతాయి. ఇతరులైతే దానిని పొయ్యిలో పెట్టి కొత్తది కొంటారు. ఈదమ్మ పాతకాగితాలను కాగులో నీళ్ళు పోసి నాలుగైదు రోజులు నానబెట్టేది. నానిన మెంతులతో కలిపి రోట్లో వేసి, చేతికి వెన్నలా తగిలేదాకా దంచేది. ఆ ముద్దను చాటకు లోపలా వెలుపలా పలుచగా మెత్తి, తడిచేత్తో సాపు చేసి, మొదట నీడలోనూ తరువాత ఎండలోనూ ఆరబెట్టేది. మెంతుల చేదుకు పురుగు సోకదు. అలా మెత్తిన చాట మరో నాలుగేళ్ళు గింజ జారనివ్వదు. అదే ముద్దను బోర్లించిన కుండ మీద మెత్తి గంపలు కూడా చేసేది. ఊళ్ళో పెద్ద ఇళ్ళవాళ్ళు సైతం పాత చాటలు పంపించి, జొన్నలో కందులో కొలిచి ఇచ్చి, మెత్తించుకునేవారు. ఆమె తెచ్చిన చాటను గడప బయటే ఉంచి, పసుపునీళ్ళు చల్లుకొని లోపలికి తీసుకుపోయేవారు. ఈదమ్మ అది చూసీ చూడనట్లు వచ్చేసేది.

ఆమెకు చదువు రాదు. అందువల్ల ఏ కాగితాన్ని ఉంచాలో, ఏ కాగితాన్ని నానబెట్టాలో తెలుసుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నది. ముద్ర ఉన్న కాగితం పెట్టెలోకి. ముద్ర లేనిది కాగులోకి. రేషను కార్డు, రాహేలుకు వేయించిన టీకాల చీటీ, మిల్లు యజమాని ఇచ్చిన పత్రం, అన్నీ ఈ పద్ధతి వల్లనే భద్రంగా ఉన్నాయి. ఒకసారి సబ్బుల అంగడివాడు పంచిపెట్టిన ప్రకటన కాగితం మీద గుండ్రని బొమ్మ ఉండటం చూసి, దానిని మూడేళ్ళు పెట్టె అడుగున దాచింది. రాహేలు చదివి చెప్పి నవ్వినప్పుడు ఈదమ్మ కూడా నవ్వింది గాని, పద్ధతిని మాత్రం మార్చుకోలేదు. పనికిరానిదాన్ని దాచితే నష్టం లేదు కదా అనుకున్నది.

తొంభై రెండో సంవత్సరం చలికాలంలో, కందికోతలు మొదలయ్యే వేళ, గుర్వయ్య భార్య గోపమ్మ రెండు చాటలు పంపింది. ఇంట్లో కాగితం తక్కువగా ఉండటంతో ఈదమ్మ అటకెక్కి, రాహేలు పాతపుస్తకాలను దించింది. రాహేలు ఇప్పుడు ఏడో తరగతి. అయిదో తరగతి పుస్తకాలు ఇక ఎవరికీ అక్కరలేదు. చేతికి గుచ్చుకోకుండా పిన్నులన్నీ ఊడదీసి, డబ్బీలో వేసుకొని, పుస్తకాలను అట్టలతో సహా కాగులో ముంచింది. శనివారం నాటికి చాటలు ఆరిపోయాయి. వాటిని గోపమ్మకు ఇచ్చి వచ్చింది.

సోమవారం సాయంకాలం బక్కయ్య డప్పు కొట్టుకుంటూ వాడలోకి వచ్చాడు.

“ఇనుండ్రో! సాదా కాయిదాల మీద భూములు కొన్నోళ్ళు బేస్తారం నాడు కాయిదాలు తీస్కొని చావడికాడికి రావాలె! అమ్మినోళ్ళు గూడ రావాలె! సార్ల ముందట ఒప్పుకుంటెనే పట్టా అయితదో! ఎనుక నాకు తెల్వదంటే నడ్వదో!”

ఆ ప్రాంతంలో చాలామంది పేదలు భూమిని రిజిస్ట్రీ లేకుండానే కొనుక్కున్నారు. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసుకొని, అమ్మినవాడి వేలిముద్ర వేయించుకొని, ఇద్దరు సాక్షుల పేర్లు పెట్టుకుంటే భూమి చేతులు మారినట్లే. సర్కారు పుస్తకాల్లో మాత్రం పాతపేరే కొనసాగేది. ఈదమ్మ వాళ్ళ చెలక పక్కనుంచి కిందటి ఏడాది కొత్తగా బాట పడి, దాని ధర పెరిగింది. అప్పటినుంచి గుర్వయ్య కొడుకు ఎల్లస్వామి ఆ చెలక గట్టున ఆగి, అటూ ఇటూ చూసి పోవడం యోహాను నాలుగైదు సార్లు గమనించాడు. అందువల్ల డప్పు మాట వినగానే అతని ముఖం వెలిగింది.

“ఏమే, అటక మీద రాహేలు లెక్కల పుస్తకం ఉండాలె, జర తియ్యి,” అన్నాడు.

ఈదమ్మ జొన్నరొట్టె తడుతున్నది. “ఏ లెక్కల పుస్తకం?”

“అయిదో తరగతిది. పేపరు అట్ట ఏసి ఉంటది.”

“అటక మీద పుస్తకాలు నేను తీసిన. ఎందుకు?”

“భూమి కాయిదం దాంట్లనే పెట్టిన. అట్టకు, మీది పేపరుకు నడుమ.”

ఆమె చేతిలోని రొట్టె పెనం దాకా పోలేదు. “ఎప్పుడు పెట్టినవు?”

“పోయిన వానకాలం. పెట్టెల చెదలు పట్టలే? గప్పుడు.”

“నాకు చెప్పినవా?”

“చెప్పేటందుకేముంది? అటక మీద ఎవలు చూస్తరని...” అంటూ అతడు ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. “పుస్తకం ఏది?”

“గోపమ్మ చాటలల్ల ఉంది,” అన్నది ఈదమ్మ.

యోహానుకు మొదట అర్థం కాలేదు. మరుక్షణంలో అంతా అర్థమైంది. పదకొండేళ్ళు చెదలకూ వానకూ దక్కకుండా కాపాడిన కాగితాన్ని ఆమె రోట్లో వేసి దంచింది. అందులో మెంతులు కూడా కలిపింది.

“చదువురాని దాని చేతిల కాయిదం పెట్టుడు నాదే తప్పు,” అన్నాడు చివరికి.

“చేతిల పెట్టలే గదా. పెడ్తే పోకుండె,” అన్నది ఆమె. “ముద్ర కండ్ల పడితే తీసి దాస్తుంటి. పుస్తకం మీద ఏ ముద్ర లేకపాయె, బొమ్మ లేకపాయె. పొల్ల లెక్కల అట్టల నీ భూమి కాయిదం ఉందని నాకెట్ల తెలుస్తది?”

రాహేలు తల్లి చేతిలోని రొట్టెను తీసుకొని పెనం మీద వేసింది. ఆ రాత్రి తినడం అయ్యాక యోహాను గొంతు తగ్గించి తన ఆలోచన చెప్పాడు. మొదటి కాగితం రాసిన యాకూబు ఇంకా హాలియాలో సైకిలు దుకాణం నడుపుతున్నాడు. అతనితోనే మరొకటి రాయించి, గుర్వయ్య వేలికి బదులు తన వేలే వేస్తే చాలు. చూసేదెవరు?

“కాయిదం లేదని మనమే పోయి చెప్పినమనుకో, ఎల్లస్వామి భూమే లేదంటడు,” అన్నాడు.

“దొంగ ఏలు పెట్టి తెచ్చుకున్న చెలకల నేను ఇత్తు ఎయ్య,” అన్నది ఈదమ్మ. “నేను చేసిన పనికి నేనే పోయి అడుగుత.”

“పోతే కాళ్ళిరుగగొడ్త.”

“ఇరుగగొట్టు. కుంటుకుంట పోత.”

తెల్లవారి యోహాను సైకిలెక్కి హాలియాకు పోయాడు. ఈదమ్మ తలదువ్వుకొని, గుర్వయ్య ఇంటికి బయలుదేరింది.

గుర్వయ్యకు డెబ్బై దాటాయి. రెండు కళ్ళకూ పొరలు కమ్మి, మనుషులను గొంతులను బట్టి గుర్తుపట్టేవాడు. అరుగు మీద నులకమంచంలో ఎండకు కూర్చుని ఉన్నాడు. లోపలి వాకిట్లో గోపమ్మ కందులు చెరుగుతున్నది. ఎల్లస్వామి ఎద్దులకు కుడితి పెడుతున్నాడు. ఈదమ్మ అరుగు కింద నిలబడి, దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నది ఉన్నట్లు చెప్పేసింది.

“పటేలా, నీ దగ్గర కొన్న చెలక కాయిదం నేను ఎరుక లేక నానబెట్టి దంచిన. గోపమ్మ పంపిన చాటలకే మెత్తిన. నీ ఏలిముద్ర నీ ఇంట్లనే ఉంది.”

లోపల చాట చప్పుడు ఆగిపోయింది. గోపమ్మ చేతిలోని చాటను వెలుగుకు తిప్పి చూసింది. బూడిదరంగు ముద్దలో అక్కడక్కడా నీలిసిరా జాడ కనిపించింది. అక్షరం మాత్రం ఒక్కటీ లేదు.

“అయ్యో నీ పాడుగాను! గిందుకేనా ఇది నీలం నీలం ఉన్నది? నేను పసుపునీళ్ళు చల్లి మల్ల తుడిసిన!” అన్నది గోపమ్మ.

గుర్వయ్య నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి, మళ్ళీ నవ్వులోకి తేలింది. ఎల్లస్వామి మాత్రం నవ్వలేదు.

“కాయిదం లేదంటే అమ్మకం లేదన్నట్టే, బాపూ. మనమెందుకు ఒప్పుకోవాలె?” అన్నాడు.

“అమ్మిన పొద్దుకు నీకు మీసం రాలే. నువ్వు ఊకో,” అన్నాడు గుర్వయ్య. ఈదమ్మ ప్రాణం కుదుటపడింది. అయితే అతడు అంతటితో ఆగలేదు. “చెలక అమ్మిన, నిజమే. గట్టు మీది చింతచెట్టు అమ్మలే.”

“చెట్టు సుత మాదే గదా పటేలా?”

“కాయిదంల ఉందా?”

ఆ కాగితంలో ఏముందో ఆమె ఎన్నడూ వినలేదు. “నాకు అక్షరం రాదు,” అన్నది మెల్లగా. “పదేండ్ల సంది కాయ మేమే దులుపుకుంటున్నం. నువ్వెన్నడన్న అడిగినవా?”

“అడగలే. ఇప్పుడు అడుగుతున్న.”

గుర్వయ్య దుర్మార్గుడు కాడు. కానీ ముసలితనంలో కొడుకు చేతికి ఇల్లు వచ్చాక, తనదని చెప్పుకోవడానికి అతనికి మిగిలినవి తక్కువ. అయాచితంగా చేతికి చిక్కిన చెట్టును వదులుకోవడానికి మనసు ఒప్పలేదు. “రాసేటోన్ని తోల్కరా. చెట్టిడిచి పెట్టి రాస్తే ఏలు పెడ్త,” అని ముఖం ఎండవైపు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం తిరిగేసరికి యోహాను వచ్చాడు. అతని సైకిలు వెనుకనుంచి యాకూబు కూడా దిగాడు. యాకూబుకు అరవై ఏళ్ళు. గ్రీజు అంటిన చేతులతోనే ముత్యాల్లాంటి అక్షరాలు రాయగలవాడని చుట్టుపక్కల ఊళ్ళల్లో పేరు.

“ఏం చెల్లే, నా రాతను పిండి లెక్క దంచినవట?” అన్నాడు దిగుతూనే. “మీ ఆయన నన్ను దొంగ కాయిదం రాయమంటడు. అరె భాయ్, నలభై ఏండ్ల చేతిరాత ఇది, దీనికో ఇజ్జత్ ఉంది అని చెప్పిన. గుర్వయ్య పటేల్ బతికే ఉన్నడు గద, నడువు ఆయన దగ్గరికే పోదాం అన్న.”

యోహాను తలవంచుకున్నాడు. పొద్దున ఆమె తన మాట మీరి వెళ్ళిందని అతనికి దారిలోనే తెలిసిపోయింది. అయినా సైకిలును గోడకు ఆనించి, పోదాం పదమన్నాడు.

ముగ్గురూ గుర్వయ్య అరుగు దగ్గరికి పోయారు. యాకూబు అరుగు కొసన కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకొని, సిరాకలం విదిలించాడు. పాతకాగితం పాడైనందున దానికి మారుగా అదే ఒప్పందం మళ్ళీ రాసుకుంటున్నట్లు మొదలుపెట్టి, హద్దులు రాసి, చెట్టు దగ్గరికి వచ్చేసరికి తగువు పడింది.

“పటేల్, పాతదాంట్ల నేనే రాసిన గద! చెట్టు చేమ, రాయి రప్ప సహా అని రాసిన. నేను ఏ కాయిదంలనైన గట్లనే రాస్త.”

“అది నీ అలవాటు. నా మాట గాదు,” అన్నాడు గుర్వయ్య.

యోహాను పళ్ళు నూరుతూ లేవబోయాడు. ఎల్లస్వామి కొట్టం గుంజకు ఆనుకొని, ఈ వ్యవహారం ఇక్కడే చెడిపోతే బాగుండునన్నట్లు చూస్తున్నాడు. అదంతా ఈదమ్మ గమనించింది. ఉన్న గుడ్డలో ఎంత కత్తిరిస్తే ఎంత నిలుస్తుందో చూసుకునే అలవాటు ఆమెది. ఇక్కడా అదే చేసింది.

“యాకూబన్నా, చెట్టు మాదని రాయి,” అన్నది. “కాయ మాత్రం పటేలు బతికున్నన్ని దినాలు పటేలుదే అని రాయి. దులిపేది మేము, కొట్టేది మేము, తెచ్చి గోపమ్మకు ఇచ్చేది మేము.”

గుర్వయ్య గడ్డం నిమురుకున్నాడు. “కొట్టి, గింజ తీసి ఇస్తవా?”

“తీసే ఇస్త. గింజ నాకిడిచిపెట్టు. దాన్ని పిండి జేసి ముద్దల కలుపుత, చాట ఇంకింత గట్టిగుంటది.”

“చెట్టడిగితివి, ఇస్తినాయె. ఇప్పుడు గింజనా?”

“గింజ నువ్వేం జేసుకుంటవు పటేలా? నమలను పండ్లు లేకపాయె!”

గోపమ్మ లోపలినుంచి కిసుక్కున నవ్వింది. గుర్వయ్య మూతి బిగించుకోబోయి బిగించుకోలేకపోయాడు. “రాయి, యాకూబూ. గింజ ఈదమ్మది,” అన్నాడు.

యాకూబు రాశాడు. కొన్నవారి పేరు దగ్గర యోహాను అని రాసి, మామూలుగా గీత గీయబోతుండగా, “ఆగన్నా. నా పేరు గూడ రాయి,” అన్నది ఈదమ్మ.

“నీదెందుకే?” అన్నాడు యోహాను.

“నా పేరుంటే, ఎక్కడ పెట్టినవో నాకు చెప్పకుంట ఉండవు.”

యాకూబు కలం పైకెత్తి యోహాను వైపు చూశాడు. యోహాను నేల చూశాడు. కాలి బొటనవేలితో మన్ను గీకాడు. నిన్న తాను అన్న మాట అతనికి గుర్తు వచ్చి ఉండాలి.

“రాయన్నా,” అన్నాడు.

గుర్వయ్య వేలు పెట్టాడు, యోహాను సంతకం చేశాడు, ఈదమ్మ తన బొటనవేలిని సిరాదిండుకు అద్ది, జీవితంలో మొదటిసారి ఒక కాగితం మీద ఒత్తింది. దారిలో యోహాను ఆ కాగితాన్ని జేబులో పెట్టుకోబోతే చెయ్యి చాచింది. “నా పేరున్న కాయిదం నేను పెడ్త,” అన్నది. అతడు ఇచ్చేశాడు. ఇంటికి పోయాక రాహేలుతో రెండుసార్లు చదివించుకొని గాని దాన్ని మడవలేదు.

అయితే వ్యవహారం అంతటితో ముగియలేదు. బక్కయ్య డప్పు కొట్టి చెప్పిన గురువారం నాడు అమ్మినవాడు స్వయంగా వచ్చి అధికారి ముందు ఒప్పుకోవాలి. ఆ పొద్దున ఎల్లస్వామి బండి కట్టుకొని, ఎప్పుడూ లేనిది, తల్లిని కూడా ఎక్కించుకొని అంగడికి వెళ్ళిపోయాడు. చూపులేని తండ్రిని చావడికి నడిపించేవారు లేకుండా పోయారు. చావడి దగ్గర పేర్లు పిలవడం మొదలైంది. గుర్వయ్య జాడ లేదు. వరుసలో నిలబడిన యోహాను కదిలితే వంతు పోతుంది.

ఈదమ్మ పరుగున పోయింది. గుర్వయ్య ధోవతి కట్టుకొని, తలగుడ్డ చుట్టుకొని, చేతికర్రతో అరుగు అంచు తడుముతూ నిలబడి ఉన్నాడు.

“ఎవలది?”

“నేను పటేలా, ఈదమ్మను.”

“ఎల్లడు కావాల్ననే పోయిండు. నేను గుడ్డోన్నే గాని మాట లేనోన్ని గాదు. నడువు,” అని కర్ర రెండో కొసను ఆమెవైపు చాచాడు. ఆమె ఆ కొస పట్టుకొని ముందు నడిచింది, అతడు ఈ కొస పట్టుకొని వెనుక నడిచాడు. బావి దగ్గరి మలుపులో మురికినీళ్ళు దారికి అడ్డంగా పారుతున్నాయి. అక్కడ కర్ర సరిపోలేదు. గుర్వయ్య ఒక్క క్షణం ఆగి, ఆమె భుజం మీద చెయ్యి వేసి నీళ్ళు దాటాడు. దాటిన తరువాత కూడా ఆ చెయ్యి తీయలేదు. ఇళ్ళముందు నిలబడినవాళ్ళు చూస్తుండగానే వాళ్ళిద్దరూ చావడిదాకా అలాగే వచ్చారు.

అధికారి కాగితాన్ని వెలుగుకు పట్టి చూశాడు. “పదకొండేళ్ళ కింద అమ్మారంటున్నారు. ఇది మొన్న రాసినట్టుందే! పాతకాగితం ఏది?”

ఈదమ్మ నోరు తెరిచేలోగా గుర్వయ్య కర్ర నేలకు తాటించాడు.

“పాత కాయిదం నా ఇంట్లనే ఉంది సారూ. దాంతోని నా పెండ్లాం కందులు చెరుగుతాంది!”

చావడి నిండా నవ్వులు. అధికారి తెల్లబోయి చూస్తుంటే ఈదమ్మ సిగ్గుతో, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. అతడు చెలకకు ఇరుపక్కలా భూములున్నవాళ్ళను పిలిచి, దున్నేది ఎవరని అడిగాడు. ఇద్దరూ యోహాను పేరే చెప్పారు. అప్పుడు గుర్వయ్యవైపు తిరిగి, “అమ్మావా తాతా, ఇష్టపూర్వకంగానే?” అన్నాడు.

“అమ్మిన. పైకం ముట్టింది, కష్టం ముట్టింది. చింతకాయ మాత్రం నేను సచ్చేదాక నాదే. అది గూడ రాసుకో సారూ!”

“గింజ?” అన్నాడు వెనుకనుంచి బక్కయ్య. ఆ సంగతి అప్పటికే ఊరంతా పాకింది.

“గింజ ఈదమ్మది,” అన్నాడు గుర్వయ్య గంభీరంగా.

అధికారి రాసుకున్నాడు. మరుసటి వానాకాలంలో పట్టా పుస్తకం వచ్చింది. రాహేలు అందులోని రెండు పేర్లూ వేలు పెట్టి చదివి వినిపించింది. ఎల్లస్వామి ఆ తరువాత చెలక గట్టున ఆగి చూడలేదు. చాలా నెలలు ఎదురుపడినా పలకరించలేదు కూడా.

గుర్వయ్య ఆ తరువాత అయిదు చింతపండు కాలాలు చూశాడు. ప్రతి ఫాల్గుణంలో యోహాను చెట్టు దులిపేవాడు. ఈదమ్మ, రాహేలు కాయ కొట్టి, ఈనె తీసి, గింజ వేరుచేసేవారు. గంపెడు పండును ఈదమ్మ తానే తీసుకొనిపోయి అరుగు మీద దించేది. ప్రతి ఏడూ గుర్వయ్య చేత్తో తడిమి, “ఈయేడు తక్కువున్నదేందే?” అనేవాడు. “కోతులు తిన్నయి పటేలా,” అని ఈమె అనేది. “రెండు కాళ్ళ కోతులా?” అని అతడు అనేవాడు. అయిదో ఏడు అతడు మంచం మీదినుంచి లేవలేకపోయాడు. ఈదమ్మ గంపను మంచం పక్కకు జరిపింది. అతడు ఎప్పటిలాగే చెయ్యి పెట్టి, ఒక రెబ్బ తీసి, వేళ్ళతో నలిపి చూశాడు.

“దొరికినవు! దీంట్ల గింజున్నది,” అన్నాడు.

“ఉంటే ఇటియ్యి పటేలా. అది నాది,” అని ఈదమ్మ చెయ్యి చాచింది.

గుర్వయ్య శబ్దం లేకుండా నవ్వి, ఆ గింజను ఆమె అరచేతిలో పెట్టాడు.